బావి వీధి చర్చికి నేనిచ్చిన మాట

డార్మ్‌స్టాట్‌కి చదువుకోవడానికి వచ్చే మన పిల్లలు ఎవరో ఒకరు నా నంబరు సంపాదించి ఫోన్ చేస్తుంటారు. "ఆంటీ, మీరు టన్నెల్స్‌లో చేశారంట కదా, ఆ ఫీల్డ్ ఎలా ఉంటుంది?" అంటారు. వాళ్లకి కావలసింది జీతమెంత, ఉద్యోగ వీసా బ్లూ కార్డు ఎప్పటికొస్తుంది, జర్మన్ ఎంతవరకు నేర్చుకోవాలి అన్నవి. అవన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి, నన్ను అడగక్కర్లేదు. అక్కడ దొరకనివి నాకు కొన్ని తెలుసు. చెప్పబోతే "ఆంటీ, ట్రామ్ వచ్చేసింది, మళ్లీ చేస్తా" అని పెట్టేస్తారు. అందుకని రాస్తున్నాను. ట్రామ్‌లో కూర్చునే చదువుకోండి.

మాది రాజమండ్రి. ఇక్కడికి ఎం.ఎస్. చదవడానికి వచ్చిన రోజుల్లో ఊరు మొత్తానికి తెలుగు మాట్లాడేవాళ్లం నలుగురం. చదువయ్యాక ఈ ఊళ్లోనే ఒక కంపెనీలో చేరి ముప్పై నాలుగేళ్లు చేశాను. నేను సొరంగాలు తవ్వలేదు. నగరాల కింద మెట్రో స్టేషన్లు తవ్వుతుంటే, పైన ఉన్న పాత ఇళ్లూ చర్చిలూ కదులుతున్నాయా లేదా అని చూడటం నా పని. "గోడలు చూడ్డానికి జర్మనీ దాకా ఎందుకే?" అని మా అమ్మ ఉన్నన్నాళ్లూ అడుగుతూనే ఉంది. ఆవిడకి నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను.

ప్రమోషన్ల సంగతి రాయను. అవి వచ్చినప్పుడు కేకు తిన్నాం, అంతే.

మొదటి రోజు ఏమీ కొలవొద్దు

నా మొదటి బాస్ హెర్ క్రూగర్, అంటే క్రూగర్ గారు. పొడుగ్గా, మొహం మాడ్చుకుని ఉండేవాడు. నవ్వితే డబ్బులు పోతాయన్నట్టు ఉండేది ఆయన వరస. మొదటి పనికి నన్ను రైన్ నది ఒడ్డున ఒక ఊళ్లో పాత చర్చికి తీసుకెళ్లాడు. నేను ఉత్సాహంగా పెట్టె తెరిచి యంత్రాలు తీయబోతే మూత వేసేశాడు.

"ఇవాళ ఏమీ కొలవొద్దు. తలుపు తీసినప్పటి నుంచి వేసేదాకా ఆ బల్ల మీద కూర్చో. సాయంత్రం నాకు చెప్పు" అన్నాడు.

"ఏం చెప్పాలి?"

"ఎండ ఎటునుంచి వచ్చింది, గంటలు కొట్టినప్పుడు ఏం వణికింది, జనం ఎటువైపు ఎక్కువ కూర్చున్నారు, ఏ తలుపు గట్టిగా పడింది. అవన్నీ."

నాకు ఒళ్లు మండింది. ఇంత చదువు చదివింది చర్చిలో కూర్చోవడానికా అనుకున్నాను. మధ్యాహ్నానికి కునికిపాట్లు పడ్డాను కూడా. కానీ ఆ రోజు చూసినవే తర్వాత రెండేళ్లు నాకు అన్నం పెట్టాయి. కట్టడం ఊరికే నిలబడి ఉండదు. పగలు ఎండకి ఒకవైపు వంగుతుంది, రాత్రికి వెనక్కి వస్తుంది. చలికాలంలో ముడుచుకుంటుంది. ఎవరూ ఏమీ తవ్వనప్పుడు అది చేసే కదలికలు తెలియకపోతే, తవ్వినప్పుడు చేసే కదలిక మీరు గుర్తుపట్టలేరు. మా పనంతా ఇంతే.

ఆ మాట తలకెక్కక ముందే నేనొక ఘనకార్యం చేశాను. గోడల మీద మేము ప్రిజాలు బిగిస్తాం, అవి అగ్గిపెట్టెంత అద్దాలు. ఎదురింటి కప్పు మీద ఉన్న యంత్రం తిరుగుతూ వాటిని చూసి గోడ ఎంత కదిలిందో చెబుతుంది. ఒక ప్రిజాన్ని గోడకి కాకుండా దాని మీదుగా దిగే వాన నీటి గొట్టానికి బిగించాను. రంగు ఒకటే కావడంతో నిచ్చెన మీద నాకు తేడా తెలియలేదు. జూన్ ఎండకి గొట్టం సాగింది. గోడ కూలిపోతోందని హెచ్చరిక వెళ్లింది. రెండు రోజులు పని ఆగింది. ఫైర్ సర్వీసువాళ్లు కూడా వచ్చారు. ప్రధాన కాంట్రాక్టరు నన్ను చూసి ఏమన్నాడో ఇక్కడ రాయలేను.

 క్రూగర్ నాతోపాటు నిచ్చెనెక్కి, ఆ గొట్టాన్ని వేలితో తట్టి, ఆ చప్పుడు నాకు వినిపించి కిందికి దిగిపోయాడు. మీకు అలాంటి బాస్ దొరికితే జీతం వంద యూరోలు తక్కువైనా కదలకండి.

ఆయన రిటైరయ్యే ముందు నాకు చెప్పిన మాట ఒకటుంది. "మనం అంకె ఇస్తాం. మాట ఇవ్వం." అప్పుడు తలూపాను. తర్వాత దాన్ని తప్పాను. ఇక్కడి నుంచి ఆ కథే.

ఎట్టోరె

ఇటలీలో ఆ నగరం పేరు రాయను. ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు. పాత బస్తీ నడిబొడ్డున మెట్రో లైను వేస్తున్నారు, మూడు స్టేషన్లు. అక్కడ ఎక్కడ గొయ్యి తీసినా పక్కన ఒక చర్చి ఉంటుంది. రెండో స్టేషను మెట్లకీ, ఎనిమిది వందల ఏళ్ల నాటి చర్చి తలుపుకీ మధ్య ఇరవై అడుగులు కూడా లేవు. పూర్వం అక్కడ ఊరబావి ఉండేదట, అందుకని జనం దాన్ని బావి వీధి చర్చి అనే పిలుస్తారు. సొరంగం సరిగ్గా దాని పడమటి గోడ కిందుగా వెళ్లాలి. ఆ గోడలో ముందునుంచే ఒక పగులు ఉంది.

ఆరేళ్లు నెలకోసారి వెళ్లాను. మొదటి రోజు క్రూగర్ చెప్పినట్టే పెట్టె తెరవకుండా వెళ్లి బల్ల మీద కూర్చున్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకి ఒక ముసలాయన తాళాల గుత్తి ఆడిస్తూ వచ్చి నా ముందు నిలబడ్డాడు. నలభై ఏళ్లుగా ఆ చర్చి తలుపులు తీసి, దీపాలు వెలిగించి, రాత్రికి ఆర్పి తాళం వేసే మనిషి. పేరు ఎట్టోరె.

"ప్రార్థనా, చలికి తలదాచుకోవడమా?" అన్నాడు.

"రెండూ కాదు. మెట్రో కంపెనీ తరఫున వచ్చాను" అని నాకొచ్చిన ముక్కల ఇటాలియన్‌లో చెప్పాను.

"అయితే బయటికి నడవండి. భోజనానికి తాళం వేయాలి."

నేను కదల్లేదు. సాయంత్రం దాకా కూర్చోవాలి, అదే నా పని అన్నాను. ఆయన కాసేపు చూసి, నన్ను లోపలే ఉంచి తాళం వేసుకుని భోజనానికి వెళ్లిపోయాడు. గంటన్నర తర్వాత వచ్చి, చిన్న గ్లాసులో కాఫీ చేతికిచ్చాడు. "ఇంతవరకు వచ్చిన ఇంజనీర్లు పది నిమిషాల్లో ఫొటోలు తీసుకుని పోయారు" అన్నాడు. మా స్నేహం అలా మొదలైంది.

ఆయనకి మెట్రో అంటే పడదు. ఊళ్లో నడవడానికి జనానికి కాళ్లు లేవా అనేవాడు. అయినా నాకు గంట గోపురం మెట్లు చూపించాడు. పైకెక్కేసరికి నాకు ఆయాసం వచ్చి, మెట్టు మీద కూలబడి ఇన్‌హేలర్ తీశాను. నాకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. నన్ను చూసి ఎట్టోరె మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆ తర్వాత నన్ను ఎప్పుడూ గోపురం ఎక్కనివ్వలేదు.

ఆ పగులు మీద రీడింగులు తీయడానికి ఎలక్ట్రానిక్ యంత్రాలు ఉన్నాయి. వాటితోపాటు నేను పాత పద్ధతి కూడా పెట్టాను. పగులుకి అడ్డంగా వేలెడంత గాజు పట్టీని రెండువైపులా ప్లాస్టరుతో అతికిస్తాం. గోడ వెంట్రుకంత విడినా గాజు పుటుక్కున విరుగుతుంది. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, చూసే మనిషి ఉంటే చాలు. ఎట్టోరెకి అతికించడం నేర్పాను. రోజూ పొద్దున తలుపు తీయగానే చూసి నాకు ఒక్క మాట మెసేజ్ పెట్టేవాడు, "బాగుంది" అని. ఇక్కడ డార్మ్‌స్టాట్‌లో నా కాఫీ ఆ మెసేజ్ తర్వాతే.

కొబ్బరికాయ కొట్టిన రోజు

సొరంగం పనివాళ్లకి బార్బరా మాత దేవత. డిసెంబరు మొదట్లో ఆవిడ పండగ. ఏ దేశం సొరంగానికి వెళ్లినా ముఖద్వారం దగ్గర ఆవిడ బొమ్మ ఉంటుంది. ఆవిడకి దండం పెట్టనిదే సొరంగం తవ్వే యంత్రం మొదలవదు. మొదటి స్టేషను గొయ్యిలో కొత్త సొరంగం మొదలయ్యే ఏడాది, కంపెనీ తెప్పించిన ప్లాస్టిక్ బొమ్మని చూసి ఎట్టోరెకి చిరాకేసింది. చర్చిలో పక్క గదిలో ఉన్న పాత చెక్క బార్బరాని దుప్పట్లో చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, గొయ్యిలోకి నూట పది మెట్లు దిగాడు.

నేనూ ఊరికే ఉండలేదు. ఫ్రాంక్‌ఫర్ట్ స్టేషను దగ్గర ఏషియన్ షాపులో కొబ్బరికాయ కొని పట్టుకెళ్లాను. ఎయిర్‌పోర్టులో దాన్ని రెండుసార్లు స్కాన్ చేశారు. పని మొదలుపెట్టేటప్పుడు మా వైపు ఇది కొట్టకపోతే నాకు మనసొప్పదని చెబితే, పాదిరీగారే "కానీయండి" అన్నారు. యంత్రం ముందు కొట్టాను. పనివాళ్లు చప్పట్లు కొట్టి, ముక్కలు పంచుకుని తిన్నారు.

ఆ సందట్లో ఎట్టోరె నా దగ్గరికొచ్చాడు.

"సిన్యోరా, నా బార్బరాని మీ గోతిలో పెట్టాను. మీరు నాకేమిస్తారు?"

నవ్వుతూనే అడిగాడు, కానీ కళ్లల్లో నవ్వు లేదు. నలభై ఏళ్లు కాపాడుకున్న గోడ కిందికి ఆ యంత్రం వెళ్లబోతోంది. నాకు అంకె ఇవ్వాలనిపించలేదు.

"గాజు పగిలిన మర్నాడు నేను ఇక్కడ ఉంటాను. ఎక్కడున్నా వస్తాను" అన్నాను.

ఆయన నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ క్షణం నాకు ఎంతో గొప్పగా అనిపించింది. నా ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పు అదే. అది తప్పని తెలియడానికి ఏడాదిన్నర పట్టింది.

వంటింట్లోంచి చూసిన గోడ

2020 మార్చిలో అన్నీ మూసేశారు. ఇటలీలో పని ఆగింది. యంత్రం చర్చికి పదిహేను అడుగుల ఇవతల భూమిలో ఆగిపోయింది. చర్చి తలుపులు మూసేశారు. నేను మా వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఆ గోడ అంకెలు చూస్తూ కూర్చున్నాను.

ఆ ఊరి మీద నాకు బెంగ పట్టుకుంది. ఇది నేను ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని. పొద్దున ఎనిమిదింటికి తూర్పు గోడ ప్రిజాలు కొంచెం జరిగేవి. అంటే అక్కడ ఎండొచ్చింది అనుకునేదాన్ని. జరగకపోతే మబ్బు పట్టింది. మా కిటికీ బయట ఖాళీ ట్రామ్ వెళుతుండేది. నాకేమో అక్కడి సందులో కాఫీ మరకలు పడ్డ రాతిమెట్టు మీద కూర్చోవాలని ఉండేది. పుట్టిన ఊరి మీద కూడా నాకంత బెంగ ఎప్పుడూ లేదు. మనసుకి లెక్కలు రావు.

ఎట్టోరె జేబులో పర్మిషన్ కాగితం పెట్టుకుని, రోజూ చర్చి తలుపు తీసి గాజు చూసి వచ్చేవాడు. "బాగుంది" అని మెసేజ్ వచ్చేది.

నేనూ సిద్ధంగానే ఉన్నాను. అత్యవసర ప్రయాణమని ఆఫీసు చేత కాగితం రాయించుకుని బ్యాగులో పెట్టుకున్నాను. కారులో పెట్రోలు నింపి ఉంచాను. ఫోన్లో ఎట్టోరెకి ఈ సంగతి గర్వంగా చెప్పాను కూడా. "మీరొక్క మాట చెప్పండి, మర్నాటికి అక్కడ ఉంటాను" అన్నాను.

ఆయన మాట మార్చాడు. వాతావరణం గురించి మాట్లాడాడు.

ఏప్రిల్‌లో పడమటి మూల కదలడం మొదలైంది. చాలా కొంచెం. దాన్ని మొదట చూసింది మౌనిక. మౌనికది కరీంనగర్. జీగెన్‌లో మాస్టర్స్ చేసి మా ఆఫీసులో చేరి అప్పటికి మూడేళ్లు. పిల్లల్ని చూసుకునే కీటా మూసేయడంతో నాలుగేళ్ల కొడుకుని ఒళ్లో పెట్టుకుని పనిచేసేది. ఆఫీసులో అందరిముందు నేను "మేడం", విడిగా "అక్క".

"అక్కా, గోడ ఎండకి పోతది, రాత్రికి వాపస్ వస్తది కదా. ఇది వాపస్ వస్తలేదు. పదకొండు రోజుల సంది ఒక్క దిక్కే పోతున్నది" అంది స్క్రీన్ మీద.

"హీటింగ్ ఆపేశారమ్మా. ఏటా ఈస్టర్ దాకా నడిచేది, ఈసారి మార్చిలోనే ఆపారు. నేల చల్లబడుతోంది."

"సల్లవడితే గోడ మొత్తం పోవాలె. ఆ మూల ఒక్కటే ఎందుకు పోతున్నది?"

దానికి నా దగ్గర సమాధానం లేదు. కానీ ముప్పై మూడేళ్ల అనుభవం ఉంది. సమాధానం లేనప్పుడు అది బాగా పనికొస్తుంది.

"గాజు పగల్లేదు" అన్నాను.

"గాజు మీరు చూసిన్రా?"

"ఎట్టోరె రోజూ చూస్తున్నాడు."

"ఫొటో అడుగుదమా?"

"ఆయన్ని ఫొటో అడగడమంటే నమ్మకం లేదని చెప్పడమే. నేను అడగను."

మౌనిక ఇంకేదో అనబోయింది. ఒళ్లో పిల్లాడు "ఇష్ హాబ్ హుంగర్!" అని ఆకలికి గోల మొదలుపెట్టాడు. ఆ పిల్ల లేచి వెళ్లింది. ఆ సాయంత్రమే, కదలిక చల్లదనం వల్లేననీ, యంత్రం మళ్లీ నడపొచ్చనీ కాగితం మీద సంతకం పెట్టాను.

మే మొదటి వారంలో యంత్రం కదిలింది. నాలుగో రోజు పొద్దున పడమటి గోడ వంపు మీదున్న పాత చిత్రంలోంచి ఒక ముక్క నేల మీద పడింది. గిన్నె పట్టుకున్న ఆడమనిషి బొమ్మ అది. ఆ చెయ్యీ గిన్నే ఉన్న చోటు ఊడిపోయింది. లోపల ఎవరూ లేరు. యంత్రం ఆపారు, గోడ కిందికి సిమెంటు నీళ్లు పంపారు, గోడ నిలిచింది. ఆ చెయ్యి మాత్రం పిండైపోయింది.

ఆ మధ్యాహ్నం సైటు ఇంజనీరు లోపలికి వెళ్లి ఫొటో పంపాడు. పగులు మీద గాజు పట్టీ చెక్కుచెదరకుండా ఉంది. దాని కింద ప్లాస్టరు మాత్రం తెల్లగా, కొత్తగా ఉంది. పక్కన అంతకుముందు అతికించి ఊడదీసిన గుర్తులు మూడు.

పగిలిందంటే వచ్చేదాన్ని

ఎట్టోరెకి ఫోన్ చేశాను.

"ఎన్నిసార్లు మార్చారు?"

"మూడుసార్లు."

"పగిలిన ప్రతిసారీ బాగుందని రాశారా?"

"రాశాను."

"ఎందుకు?"

"పగిలిందంటే మీరు వచ్చేవారు" అన్నాడు. గొంతులో తప్పు చేసిన బెరుకు లేదు. "కాగితం బ్యాగులో పెట్టుకున్నానన్నారు, కారు సిద్ధంగా ఉందన్నారు. మా వీధిలో పొద్దున్నుంచి రాత్రి దాకా అంబులెన్సులే. మా మేడ మీద ఇద్దరు పోయారు. మీ ఊపిరి సంగతి నాకు తెలుసు సిన్యోరా, గోపురం మెట్ల మీద చూశాను. గోడకి ఎనిమిది వందల ఏళ్లు. ఇంకో నెల ఆగుతుందనుకున్నాను."

నాకు ముక్కు మీద కోపం. నోటికెంత వస్తే అంత అన్నాను. చివరికి, "మీ చర్చిని మీరే కూల్చుకున్నారు" అని అరిచాను.  అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది.

పిల్లలూ, ఈ ముక్క మీ కోసం. రీడింగు చెప్పే మనిషికి, ఆ రీడింగు వల్ల ఎవరికి ఏమవుతుందో తెలియనివ్వకండి. తెలిస్తే అతను కొలవడం మానేసి మనిషిని కాపాడటం మొదలుపెడతాడు. తప్పు అతనిది కాదు. గాజుకి నా ప్రాణాన్ని ముడిపెట్టింది నేను. మాట ఇచ్చిన రోజే ఆ గాజు పనికిరాకుండా పోయింది.

ఇది ఇవాళ ఇంత తేటగా రాస్తున్నాను. ఆ రోజు మాత్రం వేరే రాశాను.

అబద్ధం లేని రిపోర్టు

జరిగినదాని మీద నన్నే రిపోర్టు రాయమన్నారు. రాశాను. "స్థానిక పరిశీలకుడు పగిలిన పట్టీలను తెలియపరచకుండా మూడుసార్లు మార్చినందున కదలికను సకాలంలో గుర్తించలేకపోయాం." ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆయన ఎందుకు మార్చాడో రాయలేదు. మాట ఇచ్చిన సంగతి రాయలేదు. మౌనిక ఫొటో అడుగుదామంటే నేను వద్దన్నది రాయలేదు. రిటైర్‌మెంటుకి ఏడాది కూడా లేదు, మచ్చ లేకుండా వెళ్లిపోవాలనుకున్నాను. అబద్ధం ఒక్కటీ లేకుండా కూడా మనిషిని ముంచొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

మౌనిక చదివి, "అక్కా, ఇది మొత్తం కాదు కదా" అంది.

"మొత్తం ఎవరికి కావాలి?"

"ఆ తాతకి కావాలె" అంది. నేను వినిపించుకోలేదు.

అక్టోబరులో పగులు కొలిచే యంత్రం బ్యాటరీ మార్చడానికి చర్చి తాళాలు కావలసి వచ్చాయి. ఎట్టోరెతో నేను మాట్లాడటం మానేసి అప్పటికి అయిదు నెలలు. మౌనికని చర్చికి ఫోన్ చేయమన్నాను. చేసి, నాకు తిరిగి ఫోన్ చేసింది. "వేరే ఆమె ఎత్తింది అక్కా. తాతని తీసేసిండ్రంట. మన రిపోర్టు చూసినంక చర్చివాళ్లు తాళాలు వాపస్ తీసుకున్నరంట."

ఫోన్ పెట్టేసి, నా రిపోర్టు తెరిచి ఆ వాక్యం మళ్లీ చదివాను.

ఇంకో కాగితం రాయడానికి నాకు మూడు నెలలు పట్టింది. సిగ్గుపడాల్సిన ఆలస్యం అది, దాచను. చివరి నెల ఉద్యోగంలో ఉండగా రాశాను. మాట ఇచ్చింది నేను, ఫొటో వద్దన్నది నేను, హెచ్చరించిన ఇంజనీరు మౌనిక, ఆ పెద్దాయన చేసింది నన్ను కాపాడటానికి అని అన్నీ పేరు పేరునా రాసి, కాంట్రాక్టరుకీ చర్చి ఆఫీసుకీ పంపాను. మా పైవాళ్లు, "ఇప్పుడెందుకివన్నీ, హాయిగా ఫైయరాబెండ్ చేసుకోక" అన్నారు. జర్మనీలో పని ముగించి ఇంటికెళ్లడాన్ని ఆ మాటతో చెబుతారు, చెవికి ఎంతో తీయగా ఉంటుంది. నాకు ఆ రోజు చేదుగా వినిపించింది.

కాంట్రాక్టరు నుంచి రెండు లైన్ల జవాబు వచ్చింది, ఫైలు మూసేశామని. చర్చి ఆఫీసు నుంచి జవాబే లేదు. నా వీడ్కోలు సభ స్క్రీన్ మీదే జరిగింది. ఇరవై చిన్న చిన్న గళ్లల్లో మొహాలు చప్పట్లు కొట్టాయి. తర్వాత లాప్‌టాప్ మూసేశాను. ఆ గోడ అంకెలు చూడటానికి మర్నాటి నుంచి నాకు పాస్‌వర్డ్ లేదు. అక్కడ ఎండొచ్చిందో లేదో కూడా తెలియని రోజులు మొదలయ్యాయి.

సెప్టెంబరు

2021లో టీకాలు రెండూ పడి, దారులు తెరుచుకున్నాక, ఎట్టోరెకి ఉత్తరం రాశాను. ఫలానా రోజు వస్తున్నాను, మీకిష్టం లేకపోతే తలుపు దగ్గర దండం పెట్టుకుని వెళ్లిపోతాను అని. జవాబు రాలేదు. అయినా రైలెక్కాను.

చర్చి ముందు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. మాస్కు గడ్డం కిందికి లాక్కుని నన్ను ఎగాదిగా చూశాడు.

"ఊపిరి ఎలా ఉంది?" అన్నాడు.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కనే కూర్చుని, నేను రాసిన రెండో కాగితం ఇటాలియన్‌లో చేయించింది చేతికిచ్చాను. వేలు పెట్టుకుంటూ నెమ్మదిగా చదివి, మడిచాడు.

"ఇది రాయకుండా ఉండాల్సింది. మీ పేరు పాడవుతుంది."

"పేరుతో ఇప్పుడు నాకేం పని? రిటైరయ్యాను."

"నేనూ అంతే" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"క్షమించండి" అన్నాను. "మిమ్మల్ని అన్న మాటకి, రాసినదానికి."

"మీరు బతికే ఉన్నారు కదా" అన్నాడు.  క్షమించానని ఆయన అనలేదు, నేనూ మళ్లీ అడగలేదు.

నాలుగింటికి తెరవాల్సిన తలుపు నాలుగుంపావుకి తెరుచుకుంది. కొత్తగా వచ్చిన అమ్మాయి, మంచి పిల్లే, క్షమించండి అంటూ పరుగున వచ్చి తీసింది. మేమిద్దరం మిగతా జనంతోపాటు వరసలో నిలబడి లోపలికెళ్లాం. పడమటి గోడ మీద ఆ చెయ్యి ఉండాల్సిన చోట బూడిద రంగు పూత వేశారు. ఆడమనిషి మొహం మాత్రం అలాగే ఉంది, ఖాళీ వైపు చూస్తూ. బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నాం. కింద ఎక్కడో పరీక్షకి నడుపుతున్న మెట్రో బండి వెళ్లింది. కాళ్ల కింద అదురు తెలిసీ తెలియనట్టు ఉంది. ఎట్టోరె తల తిప్పి నా వైపు చూశాడు. గోడకి ఏమీ కాదని చెప్పబోయి ఆగాను.

ఆరున్నరకి ఆ అమ్మాయి తాళాలు ఆడించింది. జనం ఒక్కొక్కరే బయటికి నడిచారు. నేను సంచి సర్దుకుని లేచి చూస్తే ఎట్టోరె పక్కన లేడు. స్తంభాల వెనకగా, దీపాల స్విచ్చులున్న మూలకి నడిచి వెళుతున్నాడు, నలభై ఏళ్లు ప్రతి సాయంత్రం నడిచినట్టే, తొందర లేకుండా. సగం దూరం వెళ్లి గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు. పైకి లేచిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది. ఆ అమ్మాయి ఆయన్ని చూడనట్టు తల తిప్పుకుని, తనే వెళ్లి దీపాలు ఒక్కొక్కటిగా ఆర్పడం మొదలుపెట్టింది.

ఆయన్ని అక్కడ ఆపింది ఆ మొదటి రిపోర్టు కింద నా సంతకం. వెళ్లి ఆ చెయ్యి పట్టుకున్నాను. ఆఖరి దీపం ఆరేదాకా ఇద్దరం అక్కడే నిలబడి, అప్పుడు బయటికొచ్చాం.